రెండు వేళ్ళ వదులు

ఫిబ్రవరి 11

వదినా,

చేరాను, బతికే ఉన్నాను, వేళకి తింటున్నాను. నువ్వు అడగబోయే మూడు ప్రశ్నలకీ ముందే జవాబు రాసేశాను, ఇక తీరిగ్గా చదువు.

ఇక్కడ ఫోను పనిచెయ్యదు. పది రోజులకోసారి సరుకుల వ్యాను వస్తుంది. ఉత్తరాలు తెచ్చేదీ అదే, పట్టుకుపోయేదీ అదే. నా గది రేకుల షెడ్డులో చివరిది. ఒక మంచం, ఒక బల్ల, తలుపు వెనక బట్టలు తగిలించుకోవడానికి మేకు. కిటికీ తీస్తే ఎదురుగా ఉత్తరపు వాలు. నేను లెక్క రాయాల్సిన పొదలన్నీ దాని మీదే ఉన్నాయి.

పొదలంటే పచ్చగా గుబురుగా ఊహించుకోకు. ఒక్కోటీ నా మోకాలి ఎత్తు. కొమ్మల చివరలన్నీ మొండి ముడులు. పనీపాటా లేనివాళ్ళెవరో కత్తెర పట్టుకుని కొండ మొత్తానికీ క్రాపు కొట్టినట్టుంటుంది. కొట్టింది దుప్పులు. వాటిని వేటాడే జంతువులు ఎప్పుడో పోయాయి, ఇవేమో మందలు మందలుగా పెరిగాయి. చిగురు వేలెడు సాగితే చాలు, తెల్లారేసరికి వచ్చి కొరికేస్తాయి. తిడదామని వెళ్తానా, తలెత్తి ఆ కళ్ళతో చూస్తాయి, తిట్టు గొంతులోనే ఆగిపోతుంది.

ఇంత తిన్నా పొద చావదు వదినా, అదీ వింత. పైన పోయినప్పుడల్లా వేరులో దాచుకున్నది తీసి మళ్ళీ చిగురేస్తుంది. కానీ దాచుకున్నది ఎన్నాళ్ళొస్తుంది? ఇంకో రెండు మూడేళ్ళు అంటారు మా పెద్దసారు. ఆ తర్వాత వేరే ఎండిపోతుంది. ఇక ఎవరొచ్చి నీళ్ళు పోసినా లేవదు.

ఆఫీసులో ఒక్క వాలుకి సరిపడా కంచె తీగే ఉంది. ఉత్తరపు వాలుకి వెయ్యాలా, తూర్పు వాలుకి వెయ్యాలా అన్నది అక్టోబరు చివర తేలుస్తారు. తేల్చేది నా లెక్క. నూట ఇరవై పొదలకి గుర్తులు కట్టి, ఎన్ని చిగుళ్ళు పోయాయో ఎన్ని నిలిచాయో పదిహేను రోజులకోసారి రాయాలి. పొదలు వాటంతటవే కోలుకుంటున్నాయని తేలితే కంచె తూర్పుకి పోతుంది. తూర్పున పొదలు నడుము దాకా ఉన్నాయి, ఇంకో పదేళ్ళు ఆగగలవు. ఇవి ఆగలేవని నా భయం. ముఖ్యంగా నలభై ఏడో నంబరు. అది నా కిటికీ కిందే ఉంటుంది, పొద్దున లేవగానే దాని మొహమే చూస్తాను.

ఒక సాయం కావాలి. ఆఫీసు వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ బిళ్ళలు దుప్పులు నమిలేశాయి. నీ కుట్టు కొట్లో మిగిలిన గుడ్డ పీలికలు, దూరానికి కనబడే రంగువి, ఓ నూట ఇరవై పంపవూ? నువ్విచ్చిన పాత టేపుతోనే కొలుస్తున్నాను. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు పిల్ల


ఫిబ్రవరి 25

పొదల మహారాణీ,

అంత చదువు చదివి దుప్పులు తిన్న కొమ్మలు లెక్కపెడుతున్నావని మీ అన్నయ్యకి చదివి వినిపించాను. రిపేరుకొచ్చిన గడియారం విప్పుకుని కూర్చున్నారు, కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే "ఊఁ" అన్నారు. ఈ వారంలో ఆయన నోటి నుంచి వచ్చిన రెండో మాట అది. మొదటిది కూడా "ఊఁ"నే.

కంచే చేను మేసిందని విన్నాను గానీ, కంచె లేక కొండ బోడి అయిందని ఇప్పుడే వింటున్నాను. సరే, పీలికలు పంపుతున్నాను. పసుపు గుడ్డ. ఎవరో కర్టెన్లు కుట్టించుకోగా మిగిలింది, మన ఉన్ని బట్టల పెట్టెలో అడుగున పడుంది. ఒక్కోటీ జానెడు పొడుగు. నూట ఇరవై ఐదు కోశాను, ఐదు నువ్వు పారేసుకోవడానికి.

ఒక్క మాట విను. బిగించి కట్టకు. నేను ఈ ఇంటికొచ్చేసరికి నీకు ఏడేళ్ళు. అప్పట్నుంచి నీకు కుట్టిన ప్రతి గౌనుకీ నడుం దగ్గర రెండు వేళ్ళు వదులు పెట్టే కుట్టాను. పీలికకీ కొమ్మకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, గుర్తుంచుకో. నీ పొదలు ఎదుగుతాయో లేదో నాకు తెలీదు. ఎదగవనుకుని మాత్రం కుట్టకూడదు.

నీ వదిన


మార్చి 22

వదినా,

పార్సెలు విప్పానో లేదో మన పెట్టె వాసన గుప్పుమంది. నాకు జ్వరమొస్తే నువ్వు తీసి కప్పే ఉన్ని దుప్పటి వాసన. బల్ల మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను. నవ్వకు. ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి హాయిగా ఏడ్చాను.

కొత్త గుర్తు ఏది కట్టినా ముందు ఉతికి ఆరెయ్యాలని ఆఫీసు పుస్తకంలో ఉంది. ఉతికితే ఆ వాసన పోతుందని ఉతకలేదు. బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించాను. మూడు రోజులు వాలంతా మోకాళ్ళ మీద పాకి అన్నిటికీ కట్టాను. ప్రతిదానికీ రెండు వేళ్ళు దూర్చి చూశాను. నలభై ఏడుకి మూడు వేళ్ళు వదిలాను. దానికి కొంచెం గారాబం.

నీ మరదలు పిల్ల

తా.క. మిగిలిన ఐదూ దిండు కింద ఉన్నాయి.


మే 8

మరదలు పిల్లా,

ఎండకి పీలికలు వెలిసిపోతాయని నాకు తెలుసు, అందుకే నువ్వు అడక్కముందే కొత్తవి పంపుతున్నాను. నీకు ఆ వాసన ఇష్టమన్నావు కదా, ఈసారి పురుగు పట్టకుండా వేసే కలరా ఉండలు రెండు గుప్పిళ్ళు ఎక్కువ వేసి, పది రోజులు పెట్టె మూత తియ్యకుండా ఉంచాను. తీసేసరికి నాకే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. దిండు కిందకి మరో పది వేరే కట్టాను.

ఎండలో తిరిగి నల్లబడి ఉంటావు. నల్లబడితే పడ్డావు గానీ చిక్కావంటే మాత్రం ఊరుకోను.

నీ వదిన


జూలై 4

వదినా వదినా,

మొదటి వానలు పడ్డాయి. నూట ఇరవైలో తొంభై ఆరు పొదలకి చిగుళ్ళు నిలబడ్డాయి! జానెడేసి సాగాయి. నలభై ఏడు అయితే నీ టేపు మీద పదమూడు అంగుళాలు. నమ్మలేక మూడుసార్లు కొలిచాను.

పెద్దసారు వచ్చి స్వయంగా చూశారు. "నీ చెయ్యి మంచిదమ్మా, కంచె అక్కర్లేకుండానే లేచాయి" అన్నారు. కంచె తూర్పు వాలుకే పంపుదామని రిపోర్టు రాయడం మొదలెట్టారు. నేను అనవసరంగా బెంగపడ్డాను. ఈ కొండ మనం అనుకున్నదానికంటే మొండిది.

ఒక్కటే అర్థం కావట్లేదు. నేను గుర్తు కట్టని పొదలు, నా పొదల పక్కనే ఉన్నవి, మునుపటిలా బోడిగానే ఉన్నాయి. సారుని అడిగితే "నువ్వు ఎంచుకున్నవి మంచి జాగాలో ఉండుంటాయి" అన్నారు. అంతేనేమో.

నువ్వు పంపిన కొత్త పీలికలూ కట్టేశాను, కొండంతా పసుపు పూలలా కనబడుతున్నాయి.

నీ మరదలు పిల్ల


జూలై 19

మరదలు పిల్లా,

నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు కదా. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను, మా మరదలు కొండ లేపుతోంది, దానికి పీలికలు కోసింది నేనేనని. ఒకావిడ జాకెట్టు చంక కొలత మర్చిపోయి మరీ చెప్పాను. రేపు మళ్ళీ రమ్మనాలి. పదో తరగతి తప్పినదాన్ని, నా చేతి గుడ్డ ఒక రిపోర్టులోకి ఎక్కుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఇంకో నూట ఇరవై పెట్టెలో ఊరుతున్నాయి. పక్కింటి పిల్లి ఇదివరకు ఆ పెట్టె మీదే పడుకునేది. ఇప్పుడు ఆ గది గడప తొక్కడం లేదు, ముక్కు ముడుచుకుని దూరం నుంచే పోతోంది. దాని సుకుమారం మండిపోనూ!

నీ వదిన


ఆగస్టు 2

వదినా,

పీలికలు ఇక పంపకు. కట్టినవి కూడా విప్పేస్తున్నాను. వ్యాను హారన్ కొడుతోంది, వివరంగా తర్వాత రాస్తాను.

మరదలు


ఆగస్టు 14

గౌరవనీయులైన మరదలు గారికి,

మీ ఉత్తరం అందింది. పీలికలు పంపము. మా గుడ్డ మీ స్థాయికి తగదని ముందే చెప్పి ఉంటే కళ్ళు పోగొట్టుకుని కోసేవాళ్ళం కాదు. కొట్లో పని ఎక్కువగా ఉన్నందున ఇకపై ఉత్తరాలకి తీరిక ఉండకపోవచ్చు.

మీ అన్నగారు క్షేమం.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


సెప్టెంబరు 3

వదినా,

వానకి దారి తెగి, నెల రోజులు వ్యాను రాలేదు. నీ ఉత్తరం నిన్న చేతికొచ్చింది. "మీరు" అని నువ్వు నన్ను ఇన్నేళ్ళలో మొదటిసారి పిలిచావు. ముందు ఇది నీ హాస్యమనుకుని నవ్వాను. రెండోసారి చదివాక అన్నం దిగలేదు.

తప్పు నీది కాదు. మొదట్నుంచీ చెప్తాను, కోపం పక్కన పెట్టి విను.

నీ పిల్లి సంగతి చదివి పకపకా నవ్వాను. నవ్వుతూనే కిటికీలోంచి చూశాను. ఒక దుప్పి నలభై ఏడు దగ్గరికి వచ్చింది, ముక్కు ముందుకు పెట్టింది, తుమ్మినట్టు తల విదిల్చి పక్క పొదకి పోయింది. దాన్ని నున్నగా మేసేసింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వాలంతా తిరిగాను. పీలిక ఉన్న పొదలన్నీ పచ్చన, లేనివన్నీ బోడి. నా పొదలు కోలుకోలేదు వదినా. నీ కలరా ఉండలు వాటికి కాపలా కాశాయి. ఆ కాపలాని నేను కొండ బలమని లెక్క రాశాను.

ఉతకమని పుస్తకంలో ఉంది. ఉతకంది నేను. మన ఇంటి వాసన పోతుందని ఉతకలేదు.

ఒక రాత్రంతా ఆలోచించాను. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. రిపోర్టు బాగుంటుంది, నా ఉద్యోగం పచ్చగా ఉంటుంది, రెండేళ్ళలో ఉత్తరపు వాలు ఎండిపోతుంది. పొద్దున్నే వెళ్ళి పెద్దసారుకి చెప్పేశాను. "ఇన్నాళ్ళూ ముక్కు ఎక్కడ పెట్టుకున్నావమ్మా?" అన్నారు. ఇంట్లో పెట్టొచ్చాను సార్ అందామనుకుని ఊరుకున్నాను.

పంపబోయిన రిపోర్టు ఆపారు. కానీ "ఉత్త మాటతో నేను లెక్క మార్చలేను. వాసన వల్లే అని చూపించు. అక్టోబరు ఆఖరు దాకా గడువు. వేరేవి కట్టేదాకా పాతవి విప్పకు" అన్నారు. అందుకని నువ్వు కావాలి. ఇంకెవరివల్లా కాదు. అదే పసుపు గుడ్డ, అరవై పీలికలు కలరా ఉండల్లో ఊరినవి, అరవై వాసన చుక్క మిగలకుండా ఉతికినవి. చూడ్డానికి అన్నీ ఒకటే. పంపుతావా? వదినగా వద్దులే, దర్జీగా పంపినా చాలు.

నువ్వు లేకుండా నేను ఇక్కడ ఉండలేను. ఉత్తరాలు కూడా లేకపోతే అస్సలు ఉండలేను.

నీ మరదలు పిల్ల


సెప్టెంబరు 24

పిచ్చి మొహమా,

నీ ఉత్తరం చదివి మిషను ఆపేసి గుమ్మంలో కూర్చుండిపోయాను. ఇద్దరమూ ఇద్దరమే. రెండు గుప్పిళ్ళు ఎక్కువ వేసింది నేను, డబ్బాలో దాచుకుంది నువ్వు. తిలా పాపం తలా పిడికెడు. నెల్లాళ్ళు నేను నీ మీద అలిగి ఏం బావుకున్నానూ? ముగ్గురి రవికలకి చేతులు తారుమారుగా కుట్టాను. మీ అన్నయ్య రోజూ పోస్టు వచ్చే వేళకి గుమ్మంలోకి వెళ్ళి నించునేవారు, నాకు చెప్పకుండా.

అరవై ఊరవేశాను. అరవై సోడా వేసి మూడుసార్లు ఉడకబెట్టి, నాలుగు రోజులు డాబా మీద ఎండేశాను. నా ముక్కు మీద నాకు నమ్మకం పోయింది కాబట్టి పక్కింటి పిల్లికి చూపించాను. ఉతికిన వాటి మీద ఎక్కి పడుకుంది. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి మీ సారుకి?

వాన పడి వాసన పోయినా ఏది ఏదో తెలియాలి కదా. ఉతికిన వాటి అంచు పళ్ళు పళ్ళుగా కోసే కత్తెరతో కోశాను, వాసనవి తిన్నగా.

ఒకటి అడగనా? వాసనకే దుప్పులు పోతుంటే, కంచె ఎందుకు? పెట్టెడు ఉండలు పంపుతాను, కొండంతా చల్లేసెయ్.

నీ వదిన (దర్జీ కూడాను)


అక్టోబరు 30

వదినా,

ముందు నీ ప్రశ్న. వానాకాలం ముదిరితే వాసన పోతుంది, పొదలేమో వేలు. పైగా ఆ ఉండలు విషం, మట్టిలో చల్లకూడదు. దుప్పులు కూడా మరీ ఆకలేస్తే ముక్కు మూసుకుని తింటాయి. కంచె ఒక్కటే దారి.

ఇప్పుడు అసలు సంగతి. ఏ పొదకి ఏ పీలికో నా ఇష్టానికి ఎంచకూడదు కాబట్టి చీటీలు తీశాను. పెద్దసారు పక్కనే నించున్నారు. నలభై ఏడుకి పళ్ళ అంచుది వచ్చింది. అంటే ఉతికినది. చీటీ మార్చెయ్యమని చెయ్యి పీకింది వదినా. మార్చలేదు. ఎప్పటిలాగే మూడు వేళ్ళు వదిలి, నా చేత్తోనే కట్టాను. మూడో రోజు పొద్దున కిటికీ తీసేసరికి పదమూడు అంగుళాలూ లేవు. మొండెం, దాని మీద నీ పీలిక. ఆ రోజు లెక్క రాస్తుంటే అంకెలు అలుక్కుపోయాయి.

వాసన ఉన్న అరవైలో దుప్పులు తిన్నవి ఏడు. ఉతికిన అరవైలో తిన్నవి యాభై ఆరు. నాలుగు పీలికలు కూడా మింగేశాయి, నీ కుట్టు వాటికి నచ్చినట్టుంది. పెద్దసారు కాగితం రెండుసార్లు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఎండిపోయిన ఒక పొదని మొదలు దగ్గర కోసి, దాని వలయాలు లెక్కపెట్టమన్నారు. ఏడాదికొకటి. బొటనవేలంత కాండం, మోకాలి ఎత్తు. ముప్ఫై ఒకటి ఉన్నాయి. నాకంటే పెద్దది! నేను పుట్టకముందు నుంచీ అది ఎదగాలని చూస్తోంది, ఎవరో ఒకరు కొరికేస్తూనే ఉన్నారు.

"కంచె ఇటే" అన్నారు సారు. సంతకం పెట్టేశారు. రిపోర్టులో నా తప్పు కూడా పూర్తిగా రాశారు, రాయమన్నది నేనే. ఈ ఏడు నా జీతం పెరగదు. ఉద్యోగం మాత్రం ఉంది. రిపోర్టు చివర 'పీలికలు కోసి, ఉతికి ఇచ్చినది: ఒక దర్జీ' అని ఉంది. కలలో కూడా అనుకోలేదన్నావు కదా.

నీ మరదలు పిల్ల


నవంబరు 10

మరదలు పిల్లా,

ఆ లైను మీ అన్నయ్యకి చదివాను. కంటికున్న అద్దం తీసి, "మా చెల్లెలు నిజం చెప్పింది. మా ఆవిడ పీలికలు కోసింది. మా ఇంట్లో ఇద్దరూ ఘటికులే" అన్నారు. ఒక్కసారే ఇన్ని మాటలు! ఒంట్లో బాగోలేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాను.

నలభై ఏడు కోసం నేనూ కాసేపు బాధపడ్డాను. చూడని చెట్టు కోసం బాధపడ్డం ఇదే మొదలు. వేరు ఉంది కదా, చూద్దాం.

నీ వదిన


జూన్ 17, కంచె వేసిన మూడో ఏడు

వదినా,

వచ్చే వారం ఫోను స్తంభం వేస్తున్నారట. ఇక మనం రోజూ మాట్లాడుకోవచ్చు, అప్పుడు ఉత్తరాలు ఎవరు రాస్తారు? అందుకే ఇది తీరిగ్గా రాస్తున్నాను.

కంచె వేసిన మొదటి ఏడు ఏమీ జరగలేదని నీకు రాశాను, గుర్తుందా? ఆకులు కొన్ని ఎక్కువ, అంతే. పెద్దసారు కూడా మొహం వేలాడేశారు. అప్పుడవి వేరుకి అన్నం పెట్టుకుంటున్నాయని మాకు తర్వాత తెలిసింది. రెండో ఏడు పొద మొదలు దగ్గర్నుంచి పుల్లలు పుల్లలుగా లేచాయి. బయటి కొమ్మలు ముళ్ళ గోడలా అడ్డం నిలిస్తే, మధ్యలోంచి ఒక్కటి మాత్రం నిటారుగా పైకి పోయింది. దుప్పి మెడ చాస్తే నా గడ్డం ఎత్తు దాకా అందుతుంది. అది దాటితే ఇక కంచె తీసేసినా భయం లేదు.

నిన్న నలభై ఏడుని కొలిచాను. నీ టేపు చాలలేదు. ఐదడుగులు దాటి, నేను చెయ్యెత్తి పట్టుకున్నా టేపు అయిపోయింది గానీ కొమ్మ అయిపోలేదు. చివర చిన్న తెల్ల పూలు. ఈ పొద పూస్తుందని కూడా నాకు తెలీదు.

నీ పీలిక మాత్రం కట్టిన చోటే, మోకాలి దగ్గరే ఉంది. పొద ఎదిగితే అదీ పైకి పోతుందనుకున్నాను, పోలేదు. ఎదుగుదల అంతా దాని పైనుంచే జరిగింది. రంగు వెలిసి తెల్లబడింది, పళ్ళ అంచు అలాగే ఉంది. వంగి వేలు దూర్చబోయాను. దూరలేదు. కాండం లావెక్కి, నేను గారాబంగా వదిలిన మూడు వేళ్ళూ నిండిపోయాయి. ఎదగవనుకుని కుట్టకూడదన్నావు. ఆ మాట అక్కడే కూర్చుని పైకి అన్నాను, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

విప్పితే తెగుతుంది, ఉంచితే నొక్కుకుంటుంది. రేపు తీసేస్తాను. కొత్తది పొడుగ్గా కోసి పంపు, ఎంత వదులు పెట్టాలో నువ్వే చెప్పు. దాన్ని బాగా ఉతుకు, మూడుసార్లు ఉడకబెట్టు.

ఇంకొకటి కూడా పంపు. అది పొదకి కాదు. దాన్ని పెట్టెలో పది రోజులు మూత తియ్యకుండా ఉంచి, అస్సలు ఉతక్కుండా పంపు. దిండు కిందవాటికి వాసన పోయింది.

నీ మరదలు పిల్ల